నాగలి ఎత్తే చోటు

మా నాన్న హోరెస్ లార్టర్
దుంపపొలం నడిమికి వచ్చేసరికి
నాగలిని పైకెత్తి
నాలుగు బారలు దాటాక దించేవాడు.
ఎందుకంటే
"కింద ఒకడు పడుకున్నాడు" అనేవాడు.
ఏడేళ్ళప్పుడు ఆ జవాబు సరిపోయింది.
తర్వాత అడగాలని తట్టలేదు.

సఫోక్ నేల ఇది, వానకి బంకై బూటు లాక్కునే నేల.
యుద్ధం రోజుల్లో ఇక్కడ విమానాలు దిగేవి.
ఆ రన్‌వేని పగలగొట్టి
రహదారుల కింద పోయడానికి లారీల్లో తోలుకుపోయారు.
టవర్లో పావురాలు, హ్యాంగర్లో కోళ్ళు.
పైనున్నదంతా ఎవరో ఒకరికి పనికొచ్చింది.
కిందున్నది
ఎవరికీ పనికిరాక మిగిలింది.

ఈ అక్టోబరులో గింటారస్,
లిథువేనియా నుంచి వచ్చిన మా కొత్త డ్రైవరు,
ఉపగ్రహం గీసిన గీత మీద వెంట్రుకవాసి తప్పకుండా దున్నుతూ
నాన్న ఎత్తే చోట ఎత్తలేదు.
నేను చెప్పలేదు.
కర్రు విరిగిన చప్పుడు
కెటిల్ కూతని మించి వంటింట్లోకి వచ్చింది.

మట్టి కింద కాంక్రీటు పళ్ళెం. దాని నడుమ
మనిషి భుజాలు ఒరుసుకుంటూ దిగేంత ఇనుప మూత.
మూడు రోజులు పంపు పెట్టి తోడాం.
నల్లటి నీళ్ళు, పదకొండు కప్పలు, ఒక ఎడమకాలి బూటు.
కప్పల్ని గింటారస్ బకెట్లో మోసుకెళ్ళి కాలవలో వదిలాడు,
ఒక్కోదానికి వాళ్ళ భాషలో ఏదో చెప్పి.

నూతిలో నుయ్యి అది.
వరలో వర.
మన విమానాలు తిరిగే వేళ నేలకి సమంగా అణిగి ఉండాలి.
శత్రువు గొడుగులేసుకుని దిగితే
తాబేలు మెడలా లేవాలి, రెండడుగుల పైచిలుకు.
మూడు తుపాకి కంతలు. ఇద్దరు మనుషులు,
మోకాళ్ళకి మోకాళ్ళు ఆనించి.
గోడ మీద మేకుతో గీసిన సెకన్లు:
నలభై. ముప్పై ఎనిమిది. మళ్ళీ నలభై.
ఆ గొడుగులు రాలేదు.
ఆ వేసవిలో రాలేదు, ఆ తర్వాతా రాలేదు.

క్వీనీ థర్కెటిల్‌కి తొంభై ఆరు.
చక్రాల కుర్చీలో గట్టు దాకా తోసుకొచ్చాం.
చూడగానే నవ్వింది.
"ఒకసారి లేచింది, దిగనని మొండికేసింది.
పైన బాంబరు చుట్లు కొడుతోంది,
పెట్రోలు అయిపోవస్తోంది.
వంటవాడు, మంగలి, గుమాస్తా, పాస్టరు,
దొరికినవాళ్ళంతా పరిగెత్తి దాని నెత్తినెక్కి
గెంతారు గెంతారు.
కంచె అవతల మేం పిల్లలం చప్పట్లు కొట్టాం.
లోపల సిడ్ మాబ్స్ అరుస్తూనే ఉన్నాడు.
దిగింది చివరికి.
విమానమూ దిగింది."

ఆ కోట చేసిన యుద్ధం అంతే అయ్యుండాలి,
తన నెత్తి మీది తనవాళ్ళతో.

మరి సిడ్?
"తర్వాత సైకిళ్ళు బాగుచేసేవాడు.
చలికాలంలోనూ కొట్టు తలుపు వేసేవాడు కాదు,
మంచు లోపలికొచ్చి పడుతున్నా."
ఇంకేదో చెప్పబోయి
దుప్పటి సర్దుకుంది.

పొద్దు వాలాక గింటారస్ లోపలికి దిగి
దాన్ని లేపే పిడి పట్టుకున్నాడు.
వద్దన్నాను.
తుప్పు మూలిగింది.
నా కాళ్ళ కింద వేలెడు కూడా కాదు, గోరంత,
ఏదో కదిలినట్టు నాకనిపించింది.
అతనికి అనిపించలేదట.
పైకొచ్చి చేతులు ప్యాంటుకి తుడుచుకుంటూ అన్నాడు:
మా తాత అన్న అడవిలో ఇలాంటి గోతిలోనే
రెండు శీతాకాలాలు ఉన్నాడు.
దాన్ని లేపడానికి పిడి లేదు.

కొత్త కర్రు వచ్చింది. ఖరీదు చెప్పను.
ట్రాక్టరు తెర మీద ఆ చోట వేలితో గుండ్రం చుట్టాడు.
యంత్రం అడిగింది, ఏమిటీ అడ్డు?
బండ. స్తంభం. చెట్టు. ఇతరం.
గింటారస్ నా వైపు చూశాడు.
నాన్న మాట పెదాల దాకా వచ్చింది.
"ఇతరం" అన్నాను.